ఎత్తుకుంటే చెడిపోతరా? చిన్నపిల్లల మనసు గురించి అపోహలు - వాస్తవాలు

నేను మహబూబ్‌నగర్‌లో పిల్లల సైకాలజిస్టుగా పనిచేస్తున్న. నారాయణపేట, కోస్గి, మక్తల్ దిక్కుల నుంచి వచ్చే తల్లులు, అవ్వలు అడిగేవి దాదాపు ఇవే, అందుకే అన్నీ ఒక్కకాడ రాస్తున్న.

అపోహ: ఏడ్వంగనే ఎత్తుకుంటే సంక మరుగుతడు, ఇంక దిగడు.

ఇది వినని రోజు లేదు నాకు. మేరీ ఐన్స్‌వర్త్ అనే సైకాలజిస్టు అమెరికాలో బాల్టిమోర్‌ల 26 మంది పసిపిల్లల ఇండ్లకు ఏడాది పొడుగునా పోయి గంటలకొద్దీ కూర్చొని చూసింది. మొదట్ల ఏడ్పుకు తొందరగా పలికిన తల్లుల పిల్లలు ఏడాది నిండే సరికి తక్కువ ఏడ్సిన్రని ఆమె, సిల్వియా బెల్ కలిసి 1972ల రాసిన్రు. దానిమీద తర్వాత వేరేవాళ్లు వాదన పెట్టిన్రు, అది కూడా చెప్పాలె. కానీ మూడు నెలల బిడ్డ కావాలని నాటకం ఆడుతదనడం మాత్రం తప్పే, అంత ఆలోచన ఆ వయసుకు ఉండదు. ఆకలో, కడుపునొప్పో, భయమో, ఏదో ఒకటి ఉంటది. ఎత్తుకోండి.

అపోహ: పాలిచ్చినామెకే బిడ్డ అంటుకుంటది.

ఒకప్పుడు మనసు రోగాలు చూసిన వియన్నా డాక్టరు ఫ్రాయిడ్ దారిల నడిచినోళ్లు కూడా దాదాపు ఇట్లనే అనుకునేది, కడుపు నింపేటోళ్ల మీద ప్రేమ పుడతదని. 1958ల హ్యారీ హార్లో అనే అమెరికా సైకాలజిస్టు కోతిపిల్లల ముందట రెండు బొమ్మతల్లుల్ని పెట్టిండు, ఒకటి తీగెలతోని, ఇంకోటి మెత్తటి గుడ్డ చుట్టింది. పాలసీసా తీగెల తల్లికి ఉన్నా పిల్లలు తాగి వచ్చి గుడ్డ తల్లినే పట్టుకొని ఉండేది. (ఆ ప్రయోగాలల్ల కోతిపిల్లలు పడ్డ బాధ చదివితే నాకు ఇప్పటికీ మనసుకు పట్టది.) మనుషుల పిల్లల సంగతికొస్తే స్కాట్లాండ్‌ల గ్లాస్గో ఊర్ల 60 మందిని చూసి 1964ల షాఫర్, ఎమర్సన్ అనే పరిశోధకులు చెప్పింది ఏందంటే, ఏడాదిన్నర వచ్చేసరికి చాలామంది పిల్లలు ఒక్కరికి కాదు, ఇద్దరు ముగ్గురికి అంటుకుంటరు, తండ్రికి, నాయినమ్మకు, తాతకు. మన ఇండ్లల్ల ఇది కొత్త ముచ్చట కాదు.

అపోహ: పొద్దంతా పక్కనే ఉండి ప్రతీదీ సరిగ్గ చేస్తేనే మంచి తల్లి.

కాదు. విన్నికాట్ అనే పిల్లల డాక్టరు, సైకోఅనలిస్టు (మాటలతోని మనసు లోతులు చూసేటోడు) కూడా ఆయన, తగుమాత్రం మంచి తల్లి చాలన్నడు. విసుక్కున్నా తర్వాత వచ్చి దగ్గరికి తీసుకుంటే బిడ్డ కుదుటపడతది.

అపోహ: పనికి పోయొచ్చేసరికి మమ్మల్ని మర్చిపోయిండు.

ఇది మా పాలమూరు బాధ. బొంబాయికో, పుణెకో అడ్డా పనికి పోయి, రెండేండ్ల పిల్లగాడిని అవ్వకాడ ఇడిచిపెట్టి, పండుగకు వచ్చి చేతులు చాపితే వాడు అవ్వ కొంగు ఎనుక దాక్కుంటడు, ఆ తల్లి మొఖం చూడలేం. నా దగ్గరికొచ్చిన ఒకామె "కన్న కొడుకు నన్ను పరాయిదాన్ని చూసినట్టు చూసిండు సార్" అని ఏడ్సింది. మర్చిపోయింది కాదమ్మా అది. 1952ల జేమ్స్ రాబర్ట్‌సన్, ఆసుపత్రిల ఎనిమిది రోజులు తల్లికి దూరంగా ఉన్న రెండేండ్ల పాపను సినిమా తీసిండు. అసోంటి పిల్లల్ని చూసి ఆయన, ఆయనతోని పనిచేసిన మనసు డాక్టరు జాన్ బౌల్బీ మూడు దశలు చెప్పిన్రు: ముందు గట్టిగ ఏడ్సుడు, తర్వాత ఆశ చచ్చి ముడుచుకునుడు, తర్వాత పట్టనట్టు ఉండుడు. ఆ మూడోది చూసే డాక్టర్లు, నర్సులు "అలవాటైంది" అనుకునేది, మనమూ అదే అంటం. లోపల మాత్రం దెబ్బ తగిలిన బిడ్డనే, దాన్ని దాచుకునే తీరు అది. కొన్ని రోజులు ఓపిక పట్టి, మీదపడి గుంజకుండ, పక్కన కూర్చొని ఆడుకుంటుంటే మెల్లగ వస్తడు, వచ్చినంక వారం పదిరోజులు ఒక్క నిమిషం కూడా ఇడవకుండ పట్టుకుంటడు, కొడతడు కూడా. కొట్టనియ్యండి. నమ్మకం తిరిగొస్తున్నట్టు లెక్క.

అపోహ: పండుకున్నప్పుడు దొంగసాటుగా పోతే ఏడ్వడు.

మీరు ఉన్నప్పుడు ఏడ్వడు, లేచినంక ఏడుస్తడు, అది మీకు కనబడదు. ఇంక ప్రతీ నిద్రకు భయపడతడు, రాత్రి లేచి లేచి చూస్తడు. చెప్పే పోండి, ఏడ్సినా సరే. "బిడ్డా, అమ్మ పనికి పోతుంది, అవ్వ నీతోనే ఉంటది, పండుగకు వస్త" అనండి, మాట ఇచ్చిన రోజుకు రాకపోతే ఫోన్ల చెప్పండి, వీడియో కాల్ల రోజు కొంచెంసేపు మాట్లాడండి. ఏడాది పిల్లగాడితోని దోబూచులాడుడు కూడా ఇసోంటిదే, కనబడకుండ పోయింది మళ్ల కనబడతదని ఆటల నేర్చుకునుడు. ఫ్రాయిడ్ ఏడాదిన్నర మనవడు దారం కట్టిన కట్టె కండెను తెర ఉన్న మంచంలకు ఇసిరి మళ్ల గుంజుకుంటూ ఆడేది, తల్లి బయటికి పోవుడును వాడు అట్ల తట్టుకుంటున్నడని ఆయన 1920ల రాసిండు.

ఇంకోటి, తొట్టెల కట్టిన మీ పాత చీర ఉంటది కదా, దాన్ని అవ్వకాడనే ఉంచి పోండి. పిల్లగాడు దాన్ని బుగ్గకు పెట్టుకొని పండుకుంటడు. మాసిందని అవ్వ ఉతుకుతానంటే వద్దనండి, మీ వాసన పోతది.