సిస్, ట్రాన్స్, అసలు చెప్పనిది: డబుల్ బాండ్లపై అపోహలు - వాస్తవాలు

గుంటూరు మిర్చి యార్డు వైపు వెళ్తే ముక్కు మండించే ఘాటులో ముఖ్య పాత్ర క్యాప్సైసిన్‌ది. దాని పొడవాటి తోకలో ఉన్న డబుల్ బాండ్ ట్రాన్స్, అంటే బాండ్ రెండు చివర్లా గొలుసు ఎదురెదురు వైపులకు పోతుంది. అదే సిస్ (రెండూ ఒకే వైపు) అయితే ఆ పదార్థం జుక్యాప్సైసిన్, నొప్పికి చర్మం మీద రాసే మందు. పరమాణువులు అవే, లెక్కా అదే. ఫార్మసీ పిల్లలకు అణువులను కంప్యూటర్లో దాచడం నేర్పేటప్పుడు నేను ఈ జంటతోనే మొదలుపెడతాను.

అపోహ: స్మైల్స్‌లో (అణువును ఒక వరుస అక్షరాలుగా రాసే పద్ధతి) "/" అంటే ట్రాన్స్, "\" అంటే సిస్.

ఒంటరి గీతకు అర్థం లేదు. డబుల్ బాండ్‌కు అటూ ఇటూ ఉన్న రెండు గీతల్నీ కలిపి చదవాలి. వరుస గొలుసులో రెండూ ఒకే వైపు వాలితే ట్రాన్స్, వేర్వేరు వైపులకు వాలితే సిస్. కాబట్టి రెండు "\"లతోనూ ట్రాన్స్ రాయొచ్చు. మొదటి కార్బన్ తర్వాత బ్రాకెట్లో కొమ్మ రాస్తే ఈ లెక్క తిరగబడుతుంది. పక్కపక్కనే రెండు డబుల్ బాండ్లుంటే మధ్య గీత రెండింటికీ ఉమ్మడి. ఒకదాన్ని సరిచేద్దామని దాన్ని తిప్పితే రెండోదీ మారిపోతుంది. కంటితో తీర్పు చెప్పకండి, టూల్‌కిట్‌తో (అణువులను చదివి రాసే సాఫ్ట్‌వేర్) చదివించండి.

అపోహ: సిస్ అంటే జెడ్, ట్రాన్స్ అంటే ఇ.

డబుల్ బాండ్ రెండు చివర్లా నియమాల ప్రకారం ప్రాధాన్యం ఎక్కువున్న గుంపులు ఒకే వైపుంటే జెడ్, ఎదురెదురుగా ఉంటే ఇ. రొమ్ము క్యాన్సర్ మందు టామాక్సిఫెన్‌నే చూడండి. మందుగా వాడేది జెడ్ రూపం, పాత పత్రాల్లో దాని పేరు ట్రాన్స్.

అపోహ: ఇన్‌చీ కీ (అణువును గుర్తించే అక్షరాల కోడ్) మొదటి 14 అక్షరాలు కలిస్తే ఒకే పదార్థం.

ఆ 14 అక్షరాలు ఏది దేనికి అతుక్కుందో మాత్రమే చెబుతాయి. మలేయిక్, ఫ్యూమరిక్ ఆమ్లాలకు అవి ఒకటే. డూప్లికేట్లు తీసేసేటప్పుడు కీ మొత్తం పోల్చండి.

అపోహ: గీత లేకపోతే ట్రాన్స్ అనుకోవచ్చు.

నాకు బాగా బాధ కలిగించేది ఇదే. గీత లేకపోవడమంటే "చెప్పలేదు" అని, అది మూడో సమాచారం. అణువు బొమ్మను దాచే మోల్ ఫైల్‌లో మాత్రం పద్ధతి వేరు: బాండ్ స్టీరియో (అమరిక) గడిలో 0 ఉంటే బొమ్మలోని స్థానాలే సిస్సో ట్రాన్సో తేలుస్తాయి, తెలియదని చెప్పాలంటే 3 వేయాలి. తెలియనిదాన్ని అలవాటుగా జిగ్‌జాగ్‌గా గీస్తే, మనకు తెలియకుండానే ట్రాన్స్ అని సంతకం పెట్టినట్టే. ఇక త్రీడీ ఆకారం కట్టేటప్పుడు ప్రోగ్రామ్ ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. డాకింగ్‌కు (అణువు ప్రోటీన్‌లో ఎలా ఇముడుతుందో కంప్యూటర్లో చూడడం) ముందు రెండు రూపాలూ విడివిడిగా తయారుచేసుకోండి.

అపోహ: డేటాబేస్‌లోకి చేరింది చెక్కుచెదరదు.

విజయవాడలో ఒక ల్యాబ్ సేకరణను మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లోకి ఎక్కించాక ట్రాన్స్ పదార్థాలు భద్రంగా ఉన్నాయి, సిస్‌వి మాత్రం గీతలు పోగొట్టుకున్నాయి. రెండు రోజులు టూల్‌కిట్‌నే అనుమానించాను. తప్పు నా స్క్రిప్ట్‌లో ఉంది. స్మైల్స్‌ను నేరుగా క్వెరీలో (డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశం) అతికించాను. అక్కడ బ్యాక్‌స్లాష్ ("\") ఎస్కేప్ గుర్తు, అంటే తర్వాతి అక్షరాన్ని ప్రత్యేకంగా చదవమని చెప్పేది. తర్వాతి అక్షరంతో ప్రత్యేకార్థం లేకపోతే గీత మాయమై అక్షరమే మిగులుతుంది. మా టూల్‌కిట్ ట్రాన్స్‌ను రెండు "/"లతో రాసింది కాబట్టి అవి బతికాయి. సిస్‌లో ఒక గీత పోయి, మిగిలిన ఒక్కటీ దేనికీ పనికిరాలేదు.

అప్పటినుంచి విలువల్ని ఆదేశంలో అతికించకుండా, ప్లేస్‌హోల్డర్ల (విలువ కోసం వదిలే ఖాళీలు) ద్వారానే పంపుతున్నాను, ఎక్కించే ముందూ తర్వాతా స్టీరియో తేలిన డబుల్ బాండ్లను లెక్కపెడుతున్నాను. ఆ సేకరణను సరఫరాదారుల ఫైళ్లతో పోల్చి సరిచేశాం. మూలం దొరకని వాటిని ఖాళీగానే ఉంచాం.