చింతపండు పెట్టి తోమి తేకండి: పాత సామాన్ల మీద అపోహలు – వాస్తవాలు

నేను హన్మకొండల ఒక చిన్న మ్యూజియం స్టోర్ రూమ్‌ల పని చేస్త. పని అంటే వచ్చిన ప్రతి సామాను కొలతలు రాయాలె, ఫొటో దియ్యాలె, ఏ ఊరిది, ఎవలు వాడిండ్రు, ఎందుకు వాడిండ్రు రాయాలె, పురుగు పట్టకుండ చూస్కోవాలె. రాజుల కత్తులు, వజ్రాల హారాలు మా దగ్గర లెవ్వు. ఉన్నయన్ని చాటలు, సోలలు, ఇసుర్రాళ్లు, కందిళ్లు, జంపఖానలు, కల్లు కుండలు, ఒక పాత వాల్వుల రేడియో, గంతే.

మొన్న ఎండకాలం పరకాల దిక్కు నుంచి ఒక పెద్దాయన వాళ్ల అమ్మ వాడిన ఇత్తడి బిందె సంచిల పెట్టుకోని వచ్చిండు. తీసి బల్ల మీద పెడితే కొత్త పెండ్లికి కొన్నట్టు ధగధగ మెరుస్తున్నది. మీ దగ్గర పెడ్తరని మా కోడలు రాత్రంత చింతపండు, ఉప్పు వేసి తోమింది బిడ్డా అని సంబురంగ చెప్పిండు. నాకు ఏమనాలో తెల్వలే. దీంట్ల తాగే నీళ్లు తెచ్చెటోళ్లా, పొయ్యి మీద స్నానానికి నీళ్లు కాగపెట్టెటోళ్లా పెద్దనాయినా అని అడిగిన. ఏమో, అమ్మ పోయి ఇర్వై ఏండ్లాయె, ఎవనికి యాదుంటది అన్నడు. అడుగుకు మసి ఉన్నదా లేదా చూస్తే ఆ సంగతి ఒక్క నిమిషంల తెలిసేది. ఆ మసి ఉంటే గింటే రాత్రి మోరీల పోయింది.

అప్పటి నుంచి అనుకుంటున్న, జనం నన్ను అడిగేటియి, నమ్మేటియి ఒక్క కాడ రాయాలె అని.

అపోహ: ఎంత మెరిస్తే అంత విలువ

ఇదే అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది. ఇంట్ల రోజు వాడే బిందెను తోమాల్సిందే, దానికి నేను అడ్డం చెప్పను. కానీ దాచిపెట్టాలనుకున్న వస్తువు సంగతి వేరే. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసింది, కంచు అంటే రాగి, తగరం కలిసింది. చింతపండుల ఉన్న పులుపు పైన పట్టిన నల్ల పొరను కరిగిస్తది, దాంతోని కొంచెం లోహం కూడ పోతది. ఉప్పుతోని ఇంకో తంట. అంచుల కింద, అతుకులల్ల ఇరికిన ఉప్పు కడిగినా పోదు, వానకాలం తేమ తగిలినప్పుడు రాగితోని కలిసి లేత పచ్చ పొడి లెక్క బయటికొస్తది, తుడిస్తే మళ్ల వస్తది, మెల్లమెల్లగ లోహాన్ని తినుకుంట పోతది. నల్లగ, గోధుమ రంగుల గట్టిగ పట్టుకోని ఉన్న పొర మంచిదే, అది లోపలి లోహానికి రక్షణ. పొడి రాలే లేత పచ్చది ఉంటేనే భయపడాలె.

కరీంనగర్ వెండి తీగ పని ఉన్నోళ్లు ఇది ఇంకా జాగ్రత్తగ చదవాలె. ఫిలిగ్రీ అంటరు కదా, అత్తరుదాన్లు, పాన్‌దాన్లు, కుంకుమ బరిణెలు. వెంట్రుక లెక్క సన్నని వెండి తీగలు మెలేసి, వంచి, అతికిస్తరు. వెండి నల్లబడేది తుప్పు కాదు, గాలిల ఉన్న గంధకం తగిలి. పాలిష్ పెట్టి రుద్దినప్పుడల్లా ఆ నలుపుతోని కొంత వెండి గుడ్డకు అంటుకోని పోతది. మందం పళ్లెం అయితే ఏం కాదు, తీగ అయితే ఎన్ని రుద్దుళ్లకు ఆగుతది? ఇంకో మాట, దాన్ని రబ్బరు బ్యాండేసి పేపర్ల చుట్టి బీరువల పెడ్తరు. రబ్బరుల గంధకం ఉంటది, బ్యాండ్ ఉన్న కాడ నల్ల గీత పడ్తది. మెత్తని తెల్ల నూలు గుడ్డల చుట్టి, మూత గట్టిగ ఉన్న డబ్బల పెట్టుర్రి, చాలు.

అపోహ: మ్యూజియం అంటే రాజులయి, దేవుళ్లయి. మా ఇంట్ల చెంబు ఎవడు చూస్తడు

చెంబు కథే చెప్త. 1958ల చార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్ అని అమెరికా డిజైనర్లు, మొగుడు పెండ్లాం, మన ప్రభుత్వం పిలిస్తే వచ్చి దేశం తిరిగి ఒక రిపోర్టు రాసిండ్రు. అందుల వాళ్లు అన్నిటికంటే ఎక్కువ మెచ్చుకున్నది తాజ్‌మహల్‌ను కాదు, చెంబును. నడుం మీద ఎట్ల ఆనుతది, చెయ్యి ఎక్కడ పట్టుకుంటది, నీళ్లు ఎట్ల ఒలుకుతయి, నిండుగ ఉన్నప్పుడు బరువెట్ల, ఖాళీగ ఉన్నప్పుడు ఎట్ల, లోపల చెయ్యి పెట్టి కడగొస్తదా, అమ్మితే పాత లోహానికి ఎంతొస్తది, ఇన్ని ప్రశ్నలు ఏసుకున్నరు. ఆ రిపోర్టు తర్వాతనే 1961ల అహ్మదాబాద్‌ల నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వచ్చింది. అదే అహ్మదాబాద్‌ల వట్టి వంట సామాన్లకే ఒక మ్యూజియం ఉన్నది, విశాలా అనే హోటల్ కాడ, వేల గిన్నెలు, చెంబులు, డేగిసలు.

మన వరంగల్ సంగతైతే ఇంకా పాతది. 1851ల లండన్ల జరిగిన పెద్ద ఎగ్జిబిషన్‌కు వరంగల్ తివాచీలు పోయినయి. ఆ ఎగ్జిబిషన్ అయిపోయిన మరుసటేడు, 1852ల, అక్కడ పెట్టిన మ్యూజియమే ఇప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ అంటున్నరు. దాని ఉద్దేశమే చేతి పనిని, డిజైన్‌ను జనానికి చూపెట్టుడు. అదే మ్యూజియం 2014 నుంచి ఇప్పటి కాలం సామాన్లు కూడ వెంటవెంటనే తెచ్చి పెడుతున్నది. అట్ల తెచ్చిన మొదటి వాటిల్ల చవక ప్యాంటు ఒకటున్నది, బంగ్లాదేశ్‌ల బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా బిల్డింగ్ 2013ల కూలినప్పుడు అసొంటి బట్టలు ఎవలు కుడుతున్నరు అన్న ప్రశ్న లేచింది గదా, అందుకు. న్యూయార్క్‌ల మోమా అనే ఆధునిక కళల మ్యూజియం అయితే 2010ల మన ఈమెయిల్‌ల ఉండే అట్ (@) గుర్తును కూడ తన కలెక్షన్ల చేర్చుకున్నది. గుర్తుకు బరువు లేదు, కొలత లేదు, సామాను వివరాలు రాసే మా కార్డుల ఏం రాస్తమో నాకైతే సమజ్ కాలే.

అపోహ: తివాచీ, జంపఖాన ఒక్కటే

కాదు. తివాచీకి ముడులేసి పైకి కుచ్చు లేపుతరు, చెయ్యి పెడితే మెత్తగ ఉంటది. జంపఖాన చదునుగ నేస్తరు, కుచ్చుండదు, రెండు దిక్కుల వాడొచ్చు. కొత్తవాడల నేసేది, 2018ల జీఐ, అంటే ఫలానా ఊరి సరుకు అనే గుర్తింపు, వచ్చింది ఈ జంపఖానలకే, అందరు వరంగల్ దరీలు అంటున్నరు. పెండ్లిల్ల, భజనల్ల, పంచాయితీల్ల కింద పరిచేది ఇదే కదా. మా దగ్గరికి వచ్చినదాని మీద ఒక మూలకు పసుపు మరకలున్నయి, పెండ్లి పీటల కింద వేసినరట. ఉతికియ్యాల్నా అని అడిగిండ్రు. వద్దన్న.

అపోహ: పెంబర్తి అంటే పోత పోసుడే

హైవే మీద పోతుంటే కనిపించే పెంబర్తి ఊరు పని ఎక్కువ రేకు పని. గుగ్గిలం, ఇటుక పొడి, నూనె కలిపిన ముద్ద మీద ఇత్తడి రేకు అతికించి, వెనక నుంచి, ముంగట నుంచి ఉలులతోని కొట్టుకుంట బొమ్మ లేపుతరు. గుడి తలుపులకు, ధ్వజస్తంభాలకు తొడిగే తొడుగులు ఇట్లనే. పోత పని చూడాలంటే ఆసిఫాబాద్ దిక్కు ఉషేగాం, కేస్లాగూడ పోవాలె, అక్కడ ఓజులు అనే పనోళ్లు డోక్రా అనే పోత పని చేస్తరు. మట్టి ముద్ద మీద మైనం దారాలు చుట్టి బొమ్మ చేసి, దాని మీద మళ్ల మట్టి పూసి కాలిస్తే మైనం కరిగి పోతది, ఆ సందుల ఇత్తడి పోస్తరు. బొమ్మ బయటికి తియ్యాలంటే ఆ మట్టి అచ్చు పగలగొట్టాల్సిందే. అందుకే ఒక గజ్జె లెక్క ఇంకో గజ్జె ఉండదు. ఎవలన్న రెండు అచ్చం ఒక్క తీరున్న డోక్రా బొమ్మలు పెట్టి సెట్ అని అమ్మితే జర ఆగి అడుగుర్రి.

అపోహ: పాత రాగి చెంబుకు కోట్లు, పాత కుట్టు మిషన్‌ల ఎర్ర పాదరసం

నెలకు ఒక్కరన్న ఫోన్ చేస్తరు. గొంతు తగ్గించి, సార్ మా దగ్గర బియ్యం గుంజే చెంబు ఉన్నది, టెస్టింగ్‌కు సైంటిస్టులు వస్తున్నరు, మీరు పాతదని ఒక సర్టిఫికెట్ ఇస్తరా అని. రైస్ పుల్లింగ్ అంటరు దీన్ని. పిడుగు పడ్డ చెంబుకు శక్తి వస్తదంట, విదేశాలల్ల కొంటరంట. రాగి అయస్కాంతం కాదు, బియ్యం ఇనుము కాదు, ఏది దేన్ని గుంజుతది? వాళ్లు చూపెట్టే బియ్యానికి ఇనుప పొడి పట్టించి ఉంటది, చెంబు అడుగున అయస్కాంతం దాచి ఉంటది. టెస్టింగ్ ఫీజు, కెమికల్ ఖర్చు, స్పెషల్ సూట్ కిరాయి అని లక్షలు గుంజుతరు, నిజంగ గుంజేది అదే. మా దగ్గర రాగి చెంబులు పదకొండు ఉన్నయి, ఒక్కటి కూడ ఇప్పటిదాక బియ్యం గింజను కదిలియ్యలే.

ఎర్ర పాదరసం కూడ అంతే. కోట్లు పలికే ఆ పదార్థం పాత కుట్టు మిషన్ల ఉంటదని 2009ల సౌదీల పుకారు లేస్తే అక్కడ జనం మిషన్లకు వేలకు వేలు పోసిండ్రు. ఆ పుకారు తిరిగి తిరిగి మన దిక్కు పాత రేడియోలకు, టీవీలకు కూడ అంటుకున్నది. అసొంటి పదార్థమే లేదు. ఈ ఆశకు ఎన్ని మంచి రేడియోల వాల్వులు పగలగొట్టిండ్రో తల్సుకుంటే బాధైతది. రాములవారి పట్టాభిషేకం బొమ్మ, 1818 అని, ఈస్ట్ ఇండియా కంపెనీ అర్ధణా అని తెచ్చే బిళ్లలు కూడ కంపెనీ కొట్టిన పైసలు కావు, అవి తర్వాత కాలంల గుళ్ల కాడ అమ్మిన టోకెన్లు. పూజల పెట్టుకుంటే పెట్టుకోండి, కోట్లు మాత్రం రావు.

అపోహ: వందేండ్ల సామాను ఇంట్ల ఉంటే సర్కారు గుంజుకపోతది

1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేండ్లు దాటిన కళాఖండాలు, పనితనం ఉన్న సామాన్లు పురావస్తువుల కిందికి వస్తయి, రాతప్రతులైతే 75 ఏండ్లు. అట్లని ఇంట్ల పెట్టుకునుడు నేరం కాదు. శిల్పాలు, పాత చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు అసొంటి కొన్ని రకాలకు రిజిస్ట్రేషన్ చేపియ్యాలె, అమ్మే వ్యాపారం చెయ్యాలంటే లైసెన్స్ కావాలె, దేశం దాటియ్యొద్దు. అమ్మమ్మ రోలు కోసం ఎవలు రారు. కానీ పునాది తవ్వుతుంటే లంకెబిందె దొరికితే సంగతి వేరే, 1878 నిధుల చట్టం ప్రకారం పది రూపాయల కంటే ఎక్కువ విలువుంటే కలెక్టర్‌కు చెప్పాల్సిందే. పది రూపాయలు అని ఇంకా అట్లనే ఉన్నది, అప్పటి పది రూపాయలు మరి.

అపోహ: ప్లాస్టిక్ ఎప్పటికీ ఖరాబు కాదు, లోహమే పోతది

మా స్టోర్ల నన్ను ఎక్కువ సతాయించేది ప్లాస్టికే. చెత్తల పడ్డ ప్లాస్టిక్ ముక్కలై ఎన్నేండ్లన్న ఉంటది నిజమే, కానీ బకెట్ బకెట్ లెక్క ఉండదు. ఎండకు పెళుసెక్కి పిగిలిపోతది. మెత్తని ప్లాస్టిక్ బొమ్మలు కొన్నేండ్లకు జిగటగ చెమట పట్టినట్టైతయి, ఎందుకంటే మెత్తగ ఉంచటానికి కలిపిన నూనె బయటికి వస్తది. నాఫ్తలీన్ గోళీలు పక్కన పెడితే కొన్ని ప్లాస్టిక్‌లు ఇంకా కరుగుతయి. 1907ల బేక్‌లాండ్ అనే కెమిస్ట్ చేసిన బేకలైట్ అనే గట్టి ప్లాస్టిక్ కొంచెం మొండి, పాత స్విచ్చులు చూడుర్రి ఇంకా ఉన్నయి. ముత్తాతల కంచు గిన్నె తర్వాతి తరాలకు కూడ ఉంటది, మీ చిన్నప్పటి ప్లాస్టిక్ తిఫిన్ డబ్బ ఉంటదో లేదో నేను చెప్పలేను. ఉంటే నాకు ఇయ్యుర్రి.

ఇంక కొన్ని గబగబ చెప్త. అద్దాల బీరువల పెడితే భయం లేదంటరు, అద్దం వెలుతురును ఆపదు, రంగు బట్టలకు మేము 50 లక్స్ (వెలుతురు కొలత) కంటే ఎక్కువ వెలుతురు పెట్టం, ఒక్కసారి ఎలిసిన రంగు మళ్ల రాదు. ప్రతిదానికి తెల్ల గ్లౌజులు వెయ్యాలంటరు, జారే పింగాణికి, తీగ పనికి నూలు గ్లౌజులు వేస్తే వస్తువు జారిపోతది, లేకుంటే తీగ గుడ్డకు తట్టుకుంటది, వాటికి బిగుతు నైట్రైల్ (సన్న రబ్బరు లాంటి) గ్లౌజులే మేలు. చాటకు పురుగు పడితే ఎండల పెడ్తరు, మేమైతే గాలి పోకుండ కవర్ల కట్టి ఫ్రీజర్ల మైనస్ 20 డిగ్రీల కాడ రెండు వారాలు పెడ్తం. నిర్మల్ బొమ్మకు రంగు పోతే కొత్త రంగేస్తరు, అది పొనికి చెక్క, చింతగింజల జిగురు, పాత రంగు మీద ఆయిల్ పెయింట్ పూస్తే చేసినోని చెయ్యి మొత్తం దాని కింద దాగిపోతది.

అపోహ: ఏదైనా కాపాడుడే మంచిది

ఇది మా లాంటోళ్ల అపోహ. చేర్యాల పటాలు తెలుసు కదా, ఖద్దరు బట్టకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి నకాషీలు అనే చిత్రకారులు కథ మొత్తం గీస్తరు, ఒక్కో కులానికి ఒక్కో కథ, దాన్ని విప్పుకుంట కాకిపడగలోళ్లు, కూనపులోళ్లు ఊరూర పాడేటోళ్లు. పటం పాతబడి చినిగితే వాళ్లు దాన్ని మనిషికి చేసినట్టు కర్మ చేసి నీళ్లల్ల కలిపేటోళ్లు. కొత్తది గీపిచ్చుకునేటోళ్లు. మాకు దొరికిన పాత పటాలంటే, ఒక తీరుగ చెప్పాలంటే, పోవాల్సిన కాడికి పోకుండ ఆగినయి. నేను ఒక పటాన్ని తెరిచినప్పుడల్లా ఇది మనసుల మెదులుతది, అయినా దాని కార్డు రాస్త, డబ్బల పెడ్త.

ఆ బిందె సంగతి చెప్పలే కదా. పోయిన వారం ఆ పెద్దాయన వాళ్ల అక్కను తోల్కొచ్చిండు, ఎనభై దాటినయి. ఆమె బిందె చూడంగనే ఇది పొయ్యెక్కలే, తాగే నీళ్లది అన్నది. పక్కకున్న సొట్ట మీద చెయ్యి పెట్టి, ఇది నేను బాయి గిలక కాడ జారిడిస్తే పడ్డది, అమ్మ ఆ రోజు నన్ను చీపురు తిరగేసి కొట్టింది అన్నది. నేను అన్నీ కార్డు మీద రాసుకున్న, బాయి ఏ దిక్కుండె, ఎన్ని బిందెలు తెచ్చెటోళ్లు, తాడు దేనితోని పేనెటోళ్లు, అన్నీ. పెద్దాయన ఇంతసేపు విని, అయితే ఆ సొట్ట కంచరోళ్ల కాడ తీపిచ్చి తెస్త బిడ్డా, మంచిగ కనపడ్తది అన్నడు.