వంక లెక్కలో వాన: రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

తిరుపతి, చంద్రగిరి చుట్టుపక్కల కల్వర్టులకు, చిన్న వంతెనలకు వరద లెక్కలు కట్టడం నా పని. కొండల మీది నుంచి దిగే ఈ వంకల్లో ఏ ఏడాది ఎన్ని నీళ్లు పారాయో రాసిపెట్టినవాళ్లు లేరు. అందుకే ముందు వాన తేల్చుకుని, దాన్నిబట్టి వరద కడతాం. ఆ వానే 'డిజైన్ వాన'.

అపోహ: కొలతలే లేని వంకకు చెప్పేదంతా ఊహే.

వంకకు కొలతలు లేవు గానీ, వానకు ఉన్నాయి. కేంద్ర జల సంఘం, వాతావరణ శాఖ, రైల్వేల పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ, రోడ్డు రవాణా శాఖ కలిసి దేశాన్ని సబ్‌జోన్లుగా విడగొట్టి, ఒక్కోదానికి తెచ్చిన నివేదికల్లో సగటున 25, 50, 100 ఏళ్లకోసారి పడే 24 గంటల వాన పటాలు ఉంటాయి. ఒకే వాన పడే చోట్లను కలిపే ఆ పటం గీతల్లో మన వంక ఏ రెంటి మధ్య పడుతుందో చూసుకోవడమే మొదటి పని.

అపోహ: 24 గంటల వానను 24తో భాగిస్తే గంటకు ఎంతో వచ్చేస్తుంది.

కల్వర్టులు కొట్టుకుపోయేది ఇక్కడే. పటంలో 240 మి.మీ. ఉందనుకుందాం. భాగిస్తే గంటకు 10 మి.మీ. అంత తీరుబడిగా వాన ఎక్కడ పడుతుంది? ఏ వంకకైనా చూడాల్సింది, పైకొసన పడ్డ చుక్క కల్వర్టు దాకా రావడానికి పట్టే కాలం. 5 కి.మీ. పొడవు, పైకొసకు కిందికొసకు 600 మీటర్ల ఎత్తు తేడా ఉన్న కొండ వంకలో అది సుమారు అరగంటే. కాబట్టి మనకు కావాల్సింది అరగంట వాన. వాతావరణ శాఖ మోటు సూత్రం ఒకటుంది: కావలసిన గంటలను 24తో భాగించి, దాని ఘనమూలంతో 24 గంటల వానను గుణించాలి. అలా చేస్తే అరగంటలో 66 మి.మీ., అంటే గంటకు 132 మి.మీ. జోరు. 5 చ.కి.మీ. పరీవాహకానికి, సగం నీళ్లు పారతాయనుకుని రేషనల్ ఫార్ములాలో (వాన జోరు, విస్తీర్ణం, పారే వంతు గుణించి వరద కట్టే పద్ధతి) వేస్తే మొదటి లెక్కకు సెకనుకు 7 ఘనపు మీటర్లు, రెండోదానికి 90 పైనే. ఒకటి తూముకు సరిపోతుంది, రెండోదానికి వంతెనే కట్టాలి.

అపోహ: రికార్డులో ఉన్న ఒకరోజు వానే 24 గంటల వాన.

రెయిన్‌గేజ్ చూసేది ఉదయం 8.30కి. తెల్లారుజామున మొదలై పదకొండింటి దాకా కుమ్మేసిన వాన రికార్డులో రెండు రోజులకు చీలిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి ఒకరోజు వానను 1.15తో గుణిస్తారు. ఇది మరిచిపోయిన రిపోర్టులు నేను చాలానే చూశాను.

అపోహ: నేరుగా వరద చెప్పే రైవ్స్ ఫార్ములా ఉండగా ఇదంతా ఎందుకు?

మద్రాసు ప్రెసిడెన్సీ నాటి ఈ ఫార్ములాలో అసలు వానే లేదు! విస్తీర్ణం, ఒక గుణకం, అంతే. తీరానికి 80 కి.మీ. లోపల 6.8, కొండల పక్కన 10.2. శేషాచలం కింది వంకకు ఏది వేస్తారు? ఒకటిన్నర రెట్ల తేడా. సరిచూసుకోవడానికి వాడతాను, నమ్ముకోను.

అపోహ: వందేళ్ల వాన 2021 నవంబరులో వచ్చేసింది కదా, ఇక వందేళ్లు ఫర్వాలేదు.

వందేళ్ల వాన అంటే ఏ ఏడాదైనా నూటికి ఒక వంతు అవకాశం. 30 ఏళ్లలో ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. పోయినేడు వచ్చిందని ఈ ఏడు తగ్గదు.

అపోహ: కరువు సీమకు ఇంత వాన ఎందుకు?

ఏడాది సగటుతో కల్వర్టుకు పనిలేదు. బంగాళాఖాతంలో వాయుగుండం లేచి ఇటు తిరిగితే ఒక్క రాత్రి చాలు.

అపోహ: వందేళ్ల వానకు వందేళ్ల వరదే వస్తుంది.

దీన్ని ఒకప్పుడు నేనూ నమ్మాను. చంద్రగిరి వైపు ఒక వంక దగ్గర పెద్దాయన గుడి మెట్టు చూపించి, "నీళ్లు ఈడ దాకా వచ్చినాయి నాయనా" అన్నాడు. నా లెక్క మూడు మెట్ల కిందే ఆగింది. రెండు రోజులు ఒకటే టెన్షన్. వాన మార్చాను, నేల గుణకం మార్చాను, ఎంత చేసినా ఆ మెట్టు అందలేదు. మళ్లీ వెళ్లి అడిగితే తాపీగా చెప్పాడు: ఆ రేత్రి పైనున్న చెరువు మొరవ (మిగులు నీళ్లు పోయే దారి) చాలక కట్ట తెగిందట. గొలుసుకట్టు చెరువుల్లో ఒకటి తెగితే కిందికొచ్చేది ఆ పూట వాన ఒక్కటే కాదు, చెరువులో నిలవున్న నీళ్లు కూడా.

"మొన్న చెప్పలేదేం తాతా?" అన్నాను.

"నువ్వు నీళ్లు యాడ దాకా వచ్చినాయనే గదా అడిగింది" అన్నాడు.