ఐపీ 68 అని రాసుంటే వాన ఏమీ చేయదా? ఇంటి బయట రంగుల ఎల్‌ఈడీలపై అపోహలు – వాస్తవాలు

నాలుగు వానలు పడగానే ఫోన్లు మొదలవుతాయి. "పోయిన దసరాకే ఎలివేషన్ అంతా ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం చిప్పుల) స్ట్రిప్ వేయించాం. ఐపీ 68 అని చూసే కొన్నాం. ఇప్పుడు సగం లైను ఎర్రగా ఉంది, సగం వెలగడమే లేదు. డూప్లికేట్ మాల్ అంటగట్టారు." నిచ్చెన వేసి చూస్తే నూటికి తొంభై సార్లు స్ట్రిప్ శుభ్రంగానే ఉంటుంది. పోయింది అతుకు. అది తెలియక మొత్తం పీకించి, అంతకంటే ఖరీదైన రోల్ వేయించి, మళ్లీ అదే మేస్త్రీతో అదే పద్ధతిలో అతికించి, వచ్చే వానాకాలం మళ్లీ ఫోన్ చేస్తారు. ఇంటి బయట లైట్ల మీద జనం పోగొట్టుకునే డబ్బులో పెద్ద వాటా ఇదే, అందుకే దీని గురించే ఎక్కువ చెప్తాను.

"ఐపీ 67, 68 అయితే వానకు ఢోకా లేదు"

ఐపీ అంటే దుమ్మునూ నీటినీ ఎంత తట్టుకుంటుందో చెప్పే రేటింగ్. అందులో రెండో అంకె నీటిది. 5 అంటే నాజిల్‌తో నిమిషానికి 12.5 లీటర్ల చొప్పున కొట్టినా లోపల పాడు కాకూడదు. 7 అంటే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు తట్టుకోవాలి. 8 అంటే అంతకన్నా కఠినం. ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీయే చెప్పాలి. లోతూ సమయమూ రాయకుండా ఉత్త 68 వేసి అమ్మితే ఆ అంకెను పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 7, 8 పరీక్షలు నీటిలో ముంచేవి, 5, 6 పరీక్షలు ధారగా కొట్టేవి. ముంపు పరీక్ష పాసైందని ధార పరీక్ష కూడా పాసైనట్టు కాదు. గోడకు ఈదురుగాలితో వచ్చి కొట్టేది ధారే.

అసలు చిక్కు వేరే ఉంది. ఈ పరీక్షలన్నీ రెండు మూతులూ మూసిన కొత్త ముక్కకు చేసేవి. మీ పారపెట్ 3.8 మీటర్లుందని 5 మీటర్ల రోల్‌ని కత్తిరించారంటే, ఆ కత్తిరించిన చోట రేటింగ్ అక్కడితో పోయింది. దాన్ని మళ్లీ తెచ్చుకోవడం చేతిపని మీద ఆధారపడి ఉంటుంది. ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేస్తే సిలికాన్ గొట్టంలోకి నీరు పాకుతుంది. లోపల ప్లస్ పక్కనే మిగతా రంగుల ప్యాడ్లు (వైరు అతికించే రాగి బిళ్లలు), వాటి మధ్య 12 వోల్టుల డీసీ. తడి తగిలితే రాగి కరిగిపోతుంది, ప్యాడ్ మీద ఆకుపచ్చ పొడి పేరుకుంటుంది. ఏ ప్యాడ్ ముందు తెగితే అక్కడి నుంచి చివరిదాకా ఆ రంగు పోతుంది. కాబట్టి లైను మధ్య నుంచి నీలం పోయిందంటే చిప్పులు కాలిపోయాయనుకోకండి. నీలం ఆగిన చోట అతుకు విప్పి చూడండి. చాలాసార్లు రెండంగుళాల ముక్క తీసేసి, ఆ మేరకు వైరు వేసి కొత్తగా టంకం పెడితే లైను మళ్లీ వెలుగుతుంది.

అతుకు వేసే తీరు ఇది. స్ట్రిప్ మీద గీత ఉన్న చోటే కత్తిరించాలి. సిలికాన్‌ని సెంటీమీటరు మేర వెనక్కి ఒలవాలి. నొక్కుడు క్లిప్పు కనెక్టర్లు ఇంటి లోపల సరే గానీ బయట వద్దు. వేడికి వదులవుతాయి, తుప్పు పడతాయి. టంకమే పెట్టాలి. వైర్ల మీద లోపల జిగురున్న రకం హీట్ ష్రింక్ స్లీవ్ వేయాలి, మామూలుది నీటిని ఆపదు. మూతిలో న్యూట్రల్ క్యూర్ సిలికాన్ నింపి ఎండ్ క్యాప్ బిగించి, ఒక రోజంతా ఆరనివ్వాలి. హార్డ్‌వేర్ షాపులో చవకగా దొరికే, వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ వాడితే మాత్రం నీరు రాకపోయినా అందులోంచి వచ్చే ఆమ్లమే రాగిని తినేస్తుంది. పని బాగా చేశానని మేస్త్రీ అనుకుంటాడు, ఆర్నెల్లకు లైన్ పోతుంది. ట్యూబు మీద "న్యూట్రల్" అని ఉందో లేదో మీరే చదవండి.

నీరు రాకుండా స్ట్రిప్‌ని పెట్టే అల్యూమినియం ఛానల్‌ని ఆ చివర నుంచి ఈ చివర దాకా మూసేయడం ఇంకో ఉత్సాహం. పగలు వేడికి, రాత్రి చల్లదనానికి లోపల చెమ్మ పట్టి, బయటికి పోయే దారి లేక అక్కడే నిలుస్తుంది. ఛానల్‌లో పల్లంగా ఉన్న చివర 4 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టండి. పారపెట్ పైముఖాన కాకుండా సజ్జ అడుగున, నీరు కిందికి రాలిపోయేలా పెట్టే గాడికి లోపలి వైపు బిగించండి. వైరు బాక్సులోకి వెళ్లేముందు కిందికి ఒక వంపు ఇచ్చి, బాక్సు అడుగు నుంచి గ్లాండ్ (వైరు చుట్టూ బిగిసే మూత) ద్వారా పోనివ్వండి. పైనుంచి దించితే నీరు వైరు వెంటే నేరుగా సర్క్యూట్‌లోకి దిగుతుంది. ఇక గుల్ల రంధ్రాల డబ్బా ఎస్‌ఎంపీఎస్‌ని (ఇంటి కరెంటును 12, 24 వోల్టుల డీసీగా మార్చేది) మేడ మీద పెట్టడం గురించి చెప్పేదేముంది? వానకంటే ముందు బల్లి దూరి షార్ట్ చేస్తుంది. లోపలంతా పోత పోసి మూసిన ఐపీ 67 డ్రైవర్ (అదే పని చేసే మూసిన డబ్బా) కొనండి, లేదా మామూలుదాన్ని మెట్ల గదిలో గాలాడే చోట పెట్టి వైరు లాగండి.

"చివర మసకగా ఉంటే పెద్ద ఎస్‌ఎంపీఎస్ పెట్టాలి"

కాదు. మీటరుకు 60 చిప్పులుండే 5050 (చిప్పు సైజు) ఆర్‌జీబీ స్ట్రిప్ పూర్తి తెలుపులో మీటరుకు 14.4 వాట్లు లాగుతుంది. 5 మీటర్లకు 72 వాట్లు, 12 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లు. దానికి 100 వాట్ల ఎస్‌ఎంపీఎస్ చాలు, 400 వాట్లది పెట్టినా చివరి చిప్పుకు ఒరిగేదేమీ లేదు. వోల్టేజీ పడిపోయేది దారిలో. 10 మీటర్ల దూరం ఒకటిన్నర చదరపు ఎంఎం రాగి వైరులో 6 ఆంపియర్లు పోతే, రాకపోకలకు కలిపి దాదాపు ఒకటిన్నర వోల్టు వైరులోనే పోతుంది. ఎర్ర చిప్పుకు సుమారు 2 వోల్టులు చాలు, ఆకుపచ్చకు, నీలానికి 3 కావాలి. అందుకే ముందు ఆ రెండూ నీరసించి, తెలుపు కాస్తా ఎర్రబడుతుంది. అది స్ట్రిప్ లోపం కాదు.

అదే 24 వోల్టులైతే అదే వెలుగుకు 3 ఆంపియర్లే, అదే వైరులో నష్టం సుమారు 0.7 వోల్టు. 24లో 0.7 పోతే కంటికి ఆనదు, 12లో ఒకటిన్నర పోతే వీధిలోంచి కనిపిస్తుంది. కొత్తగా వేయించేవాళ్లు 24కే వెళ్లండి. 12లో సుమారు ప్రతి 5 మీటర్లకు, 24లో ప్రతి 10 మీటర్లకు కొత్త ఫీడ్ (మళ్లీ కరెంటు అందించే వైరు) ఇవ్వాలి. మామూలు ఆర్‌జీబీలో ప్లస్ ఒక్కటే లాగితే సరిపోదు, కంట్రోలర్ (రంగులు మార్చే డబ్బా) నుంచి నాలుగు వైర్లూ లాగాలి లేదా మధ్యలో ఆంప్లిఫయర్ పెట్టాలి. పిక్సెల్ స్ట్రిప్‌కైతే (చిప్పులను విడివిడిగా వెలిగించగల రకం) ప్లస్, మైనస్ చాలు. రెండు ఎస్‌ఎంపీఎస్‌లు వాడితే మైనస్‌లు కలపాలి, ప్లస్‌లు కలపకూడదు. ఎస్‌ఎంపీఎస్ మీదుండే చిన్న స్క్రూ తిప్పి 12ని 13.5 చేసే తెలివి మాత్రం వద్దు. చివర వెలుగు పెరిగే మాట నిజమే, మొదటి రెండు మీటర్లు వేడెక్కి కాలుతాయి.

"బాల్కనీ గ్రిల్‌కి కడితే పిల్లలకు షాక్ కొడుతుంది"

ఈ భయం ఉన్నవాళ్లని నవ్వకండి. 12, 24 వోల్టుల స్ట్రిప్ ముట్టుకుంటే ఏమీ కాదు. కానీ ప్లగ్ దగ్గర చిన్న డబ్బాతో నేరుగా 230 వోల్టులకు పెట్టే రోప్ లైటు అలా కాదు. దాని కత్తిరించిన చివర, చీలిన తొడుగు ప్రాణం తీయగలవు. అది ఇనుప గ్రిల్‌కి వద్దు. ఏ రకమైనా ఈ లైన్ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైన్ కట్ చేసే స్విచ్) మీద ఉండాలి, ఎస్‌ఎంపీఎస్ బాడీకి ఎర్తింగ్ ఉండాలి.

మిగతావి గబగబా

50 వేల గంటలన్నది చిప్పుది, అది కూడా వెలుగు 70 శాతానికి తగ్గేదాకా. పడమటి గోడ మీద మే ఎండలో ముందు పోయేది డ్రైవర్‌లోని కెపాసిటర్. మార్చుకోవడానికి వీలుగా, చేతికందే చోట పెట్టించండి.

ఎల్‌ఈడీ కదా, కరెంటు కాలదనుకుంటే 30 మీటర్లు పూర్తి తెలుపులో 432 వాట్లు. రోజూ 5 గంటలంటే నెలకు 65 యూనిట్లు, శ్లాబు మారిపోవచ్చు. ఒకే రంగులో మూడో వంతు. రోజువారీ వెలుగు 30 శాతం చాలు.

ఆర్‌జీబీలోనే తెలుపు వస్తుంది, నిజమే, పాలిపోయిన నీలం కలిసిన తెలుపు. పండగకు రంగులు, మిగతా రోజులు నిండైన వెలుతురు కావాలంటే 3000 కెల్విన్ (పసుపు ఛాయ) తెల్ల చిప్పు ఉన్న ఆర్‌జీబీడబ్ల్యూ తీసుకోండి. తొలకరిలో ఉసిళ్లు కూడా దానికి కొంచెం తక్కువ మూగుతాయి.

ఎపాక్సీ పూత వేసిన రకం ఎండకు పసుపెక్కి పగులుతుంది, గొట్టం సిలికాన్‌దే అయ్యుండాలి. సిలికాన్‌కి వెనక టేపు అంటుకోదు, క్లిప్పులు కొనండి.

యాప్ కంట్రోలర్లు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే పనిచేస్తాయి, ఇనుప బాక్సులో పెడితే సిగ్నల్ అందదు. రిమోట్ కూడా పనిచేసే రకం తీసుకుంటే నెట్ లేనప్పుడు ఇబ్బంది ఉండదు. కరెంటు పోయి వచ్చినప్పుడు ఏం చేయాలో కంట్రోలర్‌కి గుర్తుండే సెట్టింగ్ ఉందో లేదో అడగండి. లేకపోతే రాత్రి రెండింటికి కరెంటు రాగానే ఇల్లంతా ధగధగలాడుతుంది, ఎదురింటివాళ్లు లేస్తారు. డబ్బు కట్టేముందే షాపులో లైటు ఆర్పి, ప్లగ్ పీకి, మళ్లీ పెట్టి చూడండి.