ఫేస్‌లిఫ్ట్ అంటే చర్మం లాగి కుట్టడమేనా?

రెండు అరచేతులతో చెంపలను చెవుల వైపు లాగి పట్టుకుని "ఇలా చేసేస్తారు కదా డాక్టర్?" అని అడగని పేషెంట్ నాకు అరుదు. ముందు ఆ సంగతే తేల్చేద్దాం.

అపోహ: వదులైన చర్మాన్ని లాగి, మిగిలింది కత్తిరించి కుట్టేస్తారు.

వాస్తవం: గత శతాబ్దం మొదట్లో అలాగే చేసేవారు. చర్మం సాగుతుంది కాబట్టి కొన్నాళ్లకే మళ్లీ జారేది. ఈలోగా ముఖం బిగుసుకుపోయి, చెవి తమ్మెలు కిందికి సాగి, మచ్చలు వెడల్పయ్యేవి. చర్మం కింద కొవ్వు, దాని కింద స్మాస్ అనే గట్టి పొర ఉంటుంది. 1976లో ఇద్దరు ఫ్రెంచ్ సర్జన్లు దాన్ని వివరించాక పద్ధతే మారిపోయింది. ఇప్పుడు మేం పైకెత్తి కుట్లతో బిగించేది ఆ పొరనే. చర్మాన్ని దాని మీద లాగకుండా పరిచి, మిగిలిన అంచు తీసేస్తాం. కోత చెవి ముందు మడతలో మొదలై, తమ్మె చుట్టూ తిరిగి, వెనక జుట్టులోకి వెళుతుంది.

అపోహ: ముడతలన్నీ పోతాయి.

వాస్తవం: పోవు. దవడ అంచు, చెంపల కింది భాగం, మెడ బాగుపడతాయి. నుదుటి గీతలకు, కనురెప్పలకు వేరే చికిత్సలున్నాయి.

అపోహ: వారంలో మామూలైపోతారు.

వాస్తవం: కమిలిన మచ్చలు తగ్గడానికే రెండు వారాలు. వాపు మూడో రోజు దాకా పెరుగుతుంది. ఆ రోజు అద్దం చూసుకుని ఏడ్చినవాళ్లున్నారు, అందుకే చూడొద్దని ముందే చెబుతాను (వినరనుకోండి). చెవుల చుట్టూ తిమ్మిరి కొన్ని నెలలు ఉండొచ్చు. కోత గీత బాగా మసకబారడానికి ఏడాది పడుతుంది.

అపోహ: పైపైన చేసేదే కదా, రిస్క్ ఏముంటుంది?

వాస్తవం: నా టెన్షనంతా మొదటి 24 గంటల గురించే. చర్మం కింద రక్తం గడ్డకట్టి చేరడం ఈ ఆపరేషన్‌లో ఎక్కువగా వచ్చే ఇబ్బంది. బీపీ ఉన్నవాళ్లలో, మగవాళ్లలో ఇంకాస్త ఎక్కువ. ఒక పక్కే ఉన్నట్టుండి నొప్పి, వాపు పెరిగితే అర్ధరాత్రయినా ఫోన్ చేయాల్సిందే. ముఖాన్ని కదిలించే నరం దెబ్బతినే అవకాశం తక్కువ, దెబ్బతిన్నా చాలావరకు కోలుకుంటుంది.

సిగరెట్ విషయంలో మాత్రం బేరాల్లేవు. నికోటిన్ వల్ల రక్తనాళాలు కుంచించుకుపోయి, చెవి వెనక చర్మం నల్లబడి చచ్చిపోవచ్చు. కనీసం నాలుగు వారాల ముందు ఆపాలి, నికోటిన్ గమ్ కూడా. ఆపలేనంటే ఆపరేషన్ వాయిదా వేస్తాను.