వయసుకు వంద కలిపే లెక్క ఎక్కడిది?

"అరవై దాటాయి కదమ్మా, నూట అరవై ఉండదా మరి?" బీపీ చూపించుకుని వచ్చిన ప్రతిసారీ మా నాయనమ్మ అనే మాట ఇది. మందుల చీటీ దేవుడి గూట్లో, కుంకుమ భరిణె కింద మడతపెట్టి ఉండిపోయేది. వయసుకు వంద కలిపితే వచ్చేదే ఆ వయసుకు తగిన రక్తపోటు అనే లెక్క మన ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయలేను. ఒకప్పుడు డాక్టర్లే నమ్మి చెప్పిన లెక్క అది.

1896లో ఇటలీలోని ట్యూరిన్‌లో రీవా-రోచి అనే వైద్యుడు చేతికి చుట్టే పట్టీ, పాదరసం గొట్టంతో రక్తపోటు కొలిచే పరికరం చేశాడు. దానితో బీపీలోని రెండు అంకెల్లో పై అంకె మాత్రమే తెలిసేది. 1905లో రష్యా వైద్యుడు కొరొత్‌కోఫ్ ఆ పట్టీకి కిందుగా, మోచేతి మడత దగ్గర స్టెతస్కోపు ఆనించి విన్నాడు. బిగించిన పట్టీలోంచి గాలి వదులుతుంటే మొదట ఏమీ వినిపించదు. ఒకచోట టక్, టక్ మని చప్పుడు మొదలవుతుంది. అది పై అంకె. ఇంకా వదిలితే ఆ చప్పుడు అణగిపోతుంది. అది కింది అంకె.

కొలవడం వచ్చింది కానీ ఎంత ఉంటే మంచిదో ఎవరికీ తెలియదు. వయసుతో పాటు అంకె పెరగడం ఎందరిలోనో కనిపించింది కనుక అది సహజమే అనుకున్నారు. గట్టిపడిన రక్తనాళాల గుండా రక్తాన్ని నెట్టడానికి శరీరమే పోటు పెంచుకుంటుందని, దాని జోలికి పోకూడదని 1930లలో పేరున్న హృద్రోగ నిపుణులే రాశారు. అంకె ఎక్కువున్నవాళ్లు త్వరగా పోతున్నారని అప్పటికే బీమా కంపెనీల లెక్కల్లో తేలింది.

అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు 1944 మార్చిలో 186/108 ఉంది. ఆయన ఆరోగ్యం వయసుకు తగ్గట్టే ఉందని సొంత వైద్యుడు ప్రజలకు చెబుతూ వచ్చాడు. 1945 ఏప్రిల్ 12న, చిత్రకారిణి ఎదుట కూర్చుని ఉండగా, తల విపరీతంగా నొప్పిగా ఉందంటూ ఆయన ఒరిగిపోయాడు. అప్పుడు చూస్తే 300/190. ఆయనకు 63 ఏళ్లు. వంద కలిపే లెక్కలో అయితే 163 ఉండాలి.

నిజానికి అప్పట్లో ఇవ్వడానికి సరైన మందులూ లేవు. 1948లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో గుండె జబ్బులకు కారణాలు తెలుసుకోవడానికి 5,209 మందిని ఏళ్ల తరబడి గమనించే అధ్యయనం మొదలైంది. మరుసటి ఏడాదే బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ మన సర్పగంధి మొక్క రక్తపోటు తగ్గిస్తుందని బ్రిటన్ వైద్య పత్రికలో రాశాడు. పోటు తగ్గిస్తే పక్షవాతం తగ్గుతుందని 1967, 1970 పరీక్షల్లో రుజువైంది.

అయినా చాలాకాలం చూపంతా కింది అంకె మీదే ఉండేది. ముసలివాళ్లలో పై అంకె ఒక్కటే పెరిగితే పట్టించుకోనక్కరలేదనే అనుకునేవారు. 1991లో ఆ మాట పోయింది. 60 దాటి, పై అంకె 160 లేదా అంతకు మించి, కింది అంకె 90 లోపు ఉన్న 4,736 మందిని పరీక్షిస్తే, మందు వాడినవాళ్లలో పక్షవాతం 36 శాతం తగ్గింది. సరిగ్గా మా నాయనమ్మ అంకె. అసలు వయసుతో పెరగడమే తప్పనిసరి కాదు. ఉప్పు దాదాపు ఎరగని అమెజాన్ అడవుల యనోమామి ప్రజల్లో పెద్దవాళ్లకూ పై అంకె సగటున వంద లోపే.

ఇప్పుడు మన దగ్గర ఆసుపత్రిలో 140/90, ఇంట్లో కొలిస్తే 135/85 దాటితే ఎక్కువ కింద లెక్క. అమెరికా 2017లో ఆ గీతను 130/80కి దించింది. లేచి నిలబడితే కళ్లు తిరిగే బాగా పెద్దవాళ్లకు కొంచెం ఎక్కువున్నా ఫర్వాలేదని డాక్టరు అనవచ్చు. కానీ అది ఆ మనిషిని పరీక్షించి చెప్పే మాట. కొలిచే ముందు ఐదు నిమిషాలు కుర్చీకి వీపు ఆనించి, కాళ్లు నేలకు తాకించి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా కూర్చోవాలి. రెండుసార్లు చూసి, రెండూ కాగితం మీద రాసుకుని ఆ కాగితాన్ని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.