బాలింతకు మంచం, బిడ్డకు తల్లి: నిరాశ్రయ పసికందులకు సాయంపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో నిరాశ్రయ బాలింతలు, పసికందులు తలదాచుకునే వసతి గృహంలో నర్సుగా పనిచేస్తున్నాను. మా గుమ్మం తొక్కే దాతల మనసు మంచిదే. కానీ వారిలో పాతుకుపోయిన కొన్ని నమ్మకాలు తల్లీబిడ్డలకు చేటు చేస్తున్నాయి.

అపోహ: పాలడబ్బాలు ఇస్తే బిడ్డ కడుపు నిండుతుంది.

వాస్తవం: మాకు అన్నింటికంటే ఎక్కువగా వచ్చేవి ఇవే. మొదటి ఆరు నెలలు తల్లిపాలు చాలు, విడిగా నీళ్లు కూడా అక్కర్లేదు. సీసా అలవాటైతే బిడ్డ రొమ్ము పట్టడం తగ్గిస్తుంది, తల్లికి పాలూ తగ్గుతాయి. ఇక్కడి నుంచి వెళ్లాక ఫుట్‌పాత్ మీద సీసా మరిగించే వీలెక్కడిది? డబ్బా నాలుగు రోజులు ఎక్కువ రావాలని పొడి తగ్గించి నీళ్లు పోస్తారు. బిడ్డ తాగి నిద్రపోతుంది, ఒళ్లు మాత్రం చిక్కిపోతుంది. ఆపై విరేచనాలు. అందుకే 1992 నాటి చట్టం అనాథాశ్రమాలకు తప్ప పొడిపాలు, పాలసీసాలు దానం చేయకూడదంది. తల్లి లేని బిడ్డకో, తల్లి పాలివ్వలేని స్థితిలో ఉన్నప్పుడో పొడిపాలు తప్పవు. ఆ మాట డాక్టరు చెప్పాలి.

ఆ డబ్బుతో తల్లికి పప్పు, గుడ్డు, ఆకుకూర పెట్టించండి. పచ్చి బాలింతకు కారప్పొడి అన్నం చాలని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. ప్రసవం తర్వాత 180 రోజులు ఐరన్, కాల్షియం మాత్రలు వేసుకోవాల్సిన మనిషికి ఆ పథ్యం ఏం బలమిస్తుంది?

అపోహ: రోడ్డు మీద బతికే తల్లి బిడ్డను పెంచలేదు, ఎవరికైనా ఇచ్చేస్తే మేలు.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. సిజేరియన్ అయిన స్త్రీ చాప మీద నుంచి లేవాలంటే ఒక చేత్తో కుట్లు అదిమిపట్టి, పక్కకు ఒరిగి, గోడ ఆసరాతో లేవాలి. రాత్రంతా బిడ్డ ఏడ్చిన ప్రతిసారీ అదే అవస్థ. లేవడం ఆలస్యమైతే ‘బిడ్డ మీద ధ్యాస లేదు’ అంటారు. మోకాలెత్తు మంచం ఒకటి వేసి చూడండి, ఆమె ఎంత ఓపికగా బిడ్డకు పాలు ఇస్తుందో తెలుస్తుంది.

తల్లి నిజంగానే బిడ్డను వదులుకోవాలనుకుంటే బాలల సంక్షేమ కమిటీ ముందుకు వెళ్లాలి. మనసు మార్చుకోవడానికి చట్టం ఆమెకు రెండు నెలల గడువిచ్చింది. డబ్బిచ్చి బిడ్డను తీసుకోవడం కొనడమే, అందుకు అయిదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష పడుతుంది. దత్తత కావాలనుకునేవారు కారా (కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ) పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి.

అపోహ: వసతి గృహాలు ఉన్నా రోడ్డు మీదే ఉండటం వాళ్ల మొండితనం.

వాస్తవం: చాలాచోట్ల వసతి గృహాలు మగవారికి వేరు, ఆడవారికి వేరు. భర్త ఒకచోట, బాలింత మరోచోట ఉంటే పెద్దపిల్లను ఎవరు చూడాలి? విడిపోవడం కంటే ఫుట్‌పాతే నయమనుకుంటారు. కేంద్ర ప్రభుత్వ జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాల్లో కుటుంబాలకు ప్రత్యేక వసతి గృహాలు ఉండాలని చెప్పారు. మీ కార్పొరేటర్‌ను దీని గురించే అడగండి.

అపోహ: ఆధార్ లేని తల్లికి బిడ్డ జనన ధ్రువపత్రం రాదు.

వాస్తవం: వస్తుంది. ఆసుపత్రి ప్రసవమైతే జననం నమోదు చేయించే బాధ్యత ఆసుపత్రిదే. 21 రోజుల్లోపు రుసుము ఉండదు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడిలో చేర్చడానికి పుట్టిన తేదీ రుజువు ఈ పత్రమే. తల్లి వెంట వెళ్లి దరఖాస్తు నింపడానికి గంట సమయం ఇచ్చినా పెద్ద సాయమే.

అపోహ: పాత బట్టలు ఏవైనా పనికొస్తాయి.

వాస్తవం: ఉతికి ఎండలో ఆరేసిన మెత్తటి నూలు చీరలు ఇవ్వండి, పొత్తిగుడ్డలకు అంతకంటే మంచివి లేవు. మెరుపుల గౌన్లు వద్దు. రబ్బరు షీట్లు, శానిటరీ న్యాప్‌కిన్లు ఎప్పుడూ కొరతే. ఇచ్చేటప్పుడు తల్లీబిడ్డల ఫొటోలు తీయకండి.

రోడ్డు పక్కన తల్లీబిడ్డలు నీరసంగా కనిపిస్తే 108కి ఫోను చేయండి. పసికందు ఒంటరిగా దొరికితే 1098కి చెప్పండి. 24 గంటల్లోపు సమాచారం ఇవ్వడం చట్టప్రకారం తప్పనిసరి, బిడ్డను ఇంటికి తీసుకెళ్లి ఉంచుకోకూడదు.